మూడో మెట్టు మీద నీళ్లు

నిజామాబాద్ పట్టణ ప్రజలకు, ముఖ్యంగా అందులోని చేపల ప్రేమికులకు శుభవార్త. సుదీర్ఘ చర్చల అనంతరం గాలం మిత్రమండలి వారు తమ విహారయాత్రకు లాడ్జిని ఎంపిక చేశారు.

మండలిలో సభ్యులు నలుగురే. డిగ్రీ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి నలుగురికీ పదవులు ఇవ్వక తప్పలేదు. ప్లాట్లు అమ్మే అఖిలేష్ అధ్యక్షుడు. బోధన్ దగ్గర ఒకప్పుడు చెరుకు వేసి, చెరుకు పోయాక వరి వేసి, ఇప్పుడు ఆ వరినీ కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న బాపురావు గౌరవాధ్యక్షుడు. బీమా ఆఫీసులో పనిచేసే విజయ్ పాల్ కోశాధికారి. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే దేవిదాస్‌కు, పని చేయాల్సిన పదవి ఒక్కటే మిగిలింది కనుక, కార్యదర్శి పదవి దక్కింది. నలుగురూ ఆన్‌లైన్‌లో జపాన్ గాలాలు తెప్పించుకున్నారు. వాటి వల్ల ఇంతవరకు ఏ చేపకూ హాని జరగలేదు.

నిజానికి సిరికొండ దగ్గరి తన ఊళ్లో, చిన్నప్పుడు తూము కాలువలో దిగి దోసిళ్లతో చేపలు పట్టిన అనుభవం దేవిదాస్‌కు ఉంది. ఆ అనుభవానికి ఏ కంపెనీ పేరూ లేదు కనుక దాన్ని మండలి దృష్టికి తేలేదు.

ముందుగా రోజు నిర్ణయించవలసి వచ్చింది. సోమవారం శివుడిది, గురువారం బాబాది, బాపురావు నీచు ముట్టడు. మంగళవారం హనుమంతుడిది, శుక్రవారం ఇంట్లో లక్ష్మీపూజ, శనివారం వెంకన్నది, అఖిలేష్ ముట్టడు. ఆదివారం విజయ్ పాల్‌కు చర్చి. మిగిలిన బుధవారం మీద ఏ దేవుడికీ అభ్యంతరం లేదు గానీ దేవిదాస్ పనిచేసే కాలేజీ యాజమాన్యానికి ఉంది. చివరకు శనివారం, సోమవారం కాలేజీకి సెలవులు కలిసొచ్చిన వారం చూసి ఒక మధ్యేమార్గం ఆమోదం పొందింది. శనివారం చేపను పట్టవచ్చు, తినరాదు. ఆదివారం తినవచ్చు, పట్టనవసరం లేదు. ఆదివారం ఆరాధన ఫోన్లో లైవ్ చూస్తానని విజయ్ పాల్ తన భార్య ఆశాకు మాటిచ్చాడు. శనివారం పట్టిన చేప మరునాటిదాకా ప్రాణాలతో వేచి ఉండేందుకు ఒక తొట్టి ఏర్పాటు చేయవలసిందిగా లాడ్జివారిని కోరాలని తీర్మానించారు.

ఇక లాడ్జి. మొదటిదాంట్లో చెరువు బాత్రూం కిటికీలోంచి మాత్రమే కనబడుతుందని తేలింది. రెండోదాంట్లో గది బాగుంది, చెరువు బాగుంది, ఎవరి ఫోన్‌కూ సిగ్నల్ లేదు. ప్రకృతి ఒడిలో సేదతీరుతున్నట్టు అక్కడికక్కడే లోకానికి చెప్పుకునే వీలులేని చోట సేదతీరి లాభమేమిటని దాన్నీ కొట్టేశారు.

మూడోది సిల్వర్ ఫిన్ లేక్ రిసార్ట్. డ్రోన్‌తో తీసిన ఫొటో అది. నీళ్లమీదికి చెక్క వసారా, దానినుంచి కిందికి మెట్లు, మూడో మెట్టును నిమురుతూ నీలంగా నీళ్లు. ముగ్గురి మనసులు కరిగిపోయాయి. నాలుగోవాడి మనసు మాత్రం ధక్కుమంది. అది దేవిదాస్ ఊరి చెరువు. కట్టకు అవతల, తూము కింద, అతని అక్క సుకన్య సాగు చేసే ఎకరన్నర ఉంది.

చెప్పి ఉండవచ్చు. చెబితే అఖిలేష్ ఏమంటాడో అతనికి తెలుసు. "మీ ఊరే అయితే లాడ్జెందుకురా, మీ ఇంట్లనే ఉందాం, అక్క వండి పెడ్తది" అంటాడు. చిక్కేమిటంటే, ఊళ్లో తమకు ఫామ్ ఉందని దేవిదాస్ చాలా ఏళ్లుగా చెబుతూ వస్తున్నాడు. రెండు రేకుల గదులు, ఒక బర్రె, ఎకరన్నర మడి కలిసి ఫామ్ అవుతాయా కావా అన్నది ఎకనామిక్స్‌లో ఇంకా తేలని విషయం. అందుకని అతను ఫొటోను మెచ్చుకున్నాడు.

అధ్యక్షులవారు షరతు విధించారు. "ఫొటోల ఎట్లుందో నాకు గట్లనే కావాలె. నీళ్లు లేని లేక్ వ్యూ అంటే దారి లేని ప్లాటు లెక్క. అమ్మేటోన్ని నేను, నాకు చెప్పద్దు" అన్నాడు అఖిలేష్. కార్యదర్శి ఆ భావాన్ని తగిన భాషలో పెట్టి లాడ్జికి పంపాడు: మూడో మెట్టు వరకు నీటిమట్టం లేని పక్షంలో బుకింగ్ రద్దు చేసుకొనబడును, తదనుగుణంగా రేటింగ్ ఇవ్వబడును.

మేనేజర్ నర్సన్న వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సారూ, ఫికర్ చెయ్యకుండ్రి. తూము షటర్ మన చేతుల్నే ఉన్నది. మీరు అచ్చి పోయెదాంక సుక్క గూడ కిందికి పోదు."

కింద ఏముందో దేవిదాస్‌కు తెలుసు. మెసేజ్ రెండుసార్లు విని, బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు.

సిల్వర్ ఫిన్ వారు ఆ ఊరికి చేసిన సేవను ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. ఊరి మొదట్లో కమాను కట్టించారు. బస్టాండు దగ్గర సిమెంటు బెంచీలు వేయించారు. వాటి మీద కూర్చున్నవాడి వీపు వెనక లాడ్జి ఫోన్ నంబరు ఉంటుంది. ఇంత చేసినందుకు గాను చెరువు సుందరీకరణ బాధ్యతను ఊరిపెద్దలు వారికే అప్పగించారు. అందులో భాగంగా తూము షటర్ తిప్పే ఇనుప చక్రాన్ని విప్పి తెచ్చి, బంగారు రంగు వేసి, రిసెప్షన్ గోడకు వేలాడదీశారు. కింద "మన వారసత్వం" అని బోర్డు పెట్టారు. తాతల నాటి నుంచి ఎవరి మడికి ఎప్పుడు వంతో చూసి నీళ్లు వదిలే నీరటి హన్మండ్లుకు నీలం టీషర్టు ఇచ్చి, వాటర్ లెవల్ ఎగ్జిక్యూటివ్‌గా పదోన్నతి కల్పించారు. నీళ్లు వదిలే పని తప్పింది కనుక, రోజూ పొద్దున మూడో మెట్టు ఫొటో తీసి పంపడం అతని విధి.

యాత్రకు ఇంకా మూడు రోజులుందనగా సుకన్య ఫోన్ చేసింది.

"తమ్మీ, తిన్నవా? తూము బంద్ వెట్టిండ్రురా. మన వంతు దాటి వారమాయె. వరి పొట్ట మీదున్నది. గిప్పుడు నీళ్లందకపోతే గింజ వట్టది, అంత తాలే."

"ఎందుకు బంద్ పెట్టిండ్రక్కా?" ఎకనామిక్స్ లెక్చరర్ ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఎవలో పెద్దసార్లు అస్తున్నరట నిజామాబాద్ కెల్లి. ఆళ్లకు మూడో మెట్టు మీద నీళ్లుండాల్నట. స్నానాలు జేస్తరో, కాళ్లు కడుక్కుంటరో, మనకేం ఎర్క!"

"అర్జీ పెట్టకపోయిండ్రా?"

"ఎవలికి వెట్టాలె? చక్రం గోడకు ఏలాడవట్టె. నువ్వు సదువుకున్నోనివి, ఒక్క ఫోన్ కొట్టు తమ్మీ. నీ మాటైతే ఇంటరు."

"సూస్తనక్కా" అన్నాడు. చదువుకున్నవాళ్లు చేయదలచుకోని పనికి మన భాషలో ఇంతకన్నా మర్యాదైన మాట లేదు. ఆ చదువు, ఏడో తరగతితో బడి మానేసి నాట్లకు పోయిన సుకన్య కూలి మీద నడిచిందని అతను మరచిపోలేదు. కాలేజీలో సన్మానం జరిగినప్పుడు మైకులో చెప్పాడు కూడా.

మాట తప్పే మనిషి కాడు దేవిదాస్. చూశాడు. నీళ్లు ఒక మెట్టు దిగి నాలుగో మెట్టు మీద ఉన్నా ఫర్వాలేదని నర్సన్నకు ఒక మెసేజ్ రాయడం మొదలుపెట్టాడు. ఇంతలో అఖిలేష్ గ్రూపులో ఆ పొద్దుటి మూడో మెట్టు ఫొటో పెట్టి, చుట్టూ హృదయాల బొమ్మలు చల్లాడు. "కార్యదర్శి పనితనం!" అని బాపురావు మెచ్చుకున్నాడు. దేవిదాస్ రాసింది చెరిపేసి, అందరికీ దండం గుర్తు పెట్టాడు.

శనివారం మండలి లాడ్జికి వేంచేసింది. పూలదండలు, కొబ్బరినీళ్లు అయ్యాక నలుగురూ బంగారు చక్రం పక్కన నిలబడి ఫొటో దిగారు. లాడ్జివారు వసారా కింద వల కట్టి, అంగడి నుంచి బతికున్న చేపలు తెచ్చి వదిలారు. అతిథి సత్కారంలో లోపం ఉండకూడదని నర్సన్న వాటికి పొద్దున్నే కడుపునిండా తవుడు పెట్టించాడు. కడుపు నిండిన చేపలు జపాన్ గాలాలను దూరం నుంచే గౌరవించాయి. మధ్యాహ్నం దాకా శ్రమిస్తే బాపురావు గాలానికి విజయ్ పాల్ టోపీ పడింది. శనివారం కనుక దాన్ని వదిలేశారు.

అప్పుడు వచ్చారు కట్ట అవతలి రైతులు. పదిమంది దాకా ఉంటారు, ముందు సుకన్య. నర్సన్న చేతులెత్తేశాడు. "నాదేం లేదమ్మా. గెస్టుల కండిషన్ అది. ఆ సార్లు ఊ అంటే ఇప్పుడే చక్రం దింపుత" అన్నాడు.

మిగతావాళ్లను రిసెప్షన్ దగ్గరే ఆపేశారు, సుకన్య ఒక్కతే చెక్క వసారా మీదికి వచ్చింది. మోకాళ్ల దాకా లాగు, పూల చొక్కా, గుండ్రటి టోపీ, చేతిలో గాలంతో తమ్ముడు కనిపించాడు. దేవిదాస్ టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు. ఇప్పుడు తమ్మీ అంటుంది, ఫామ్ సంగతి బయటపడుతుంది. ఆమె అతన్ని చూసింది. పక్కనున్న ముగ్గురినీ చూసింది. కొంగు సర్దుకుంది.

"దండాలు సార్లూ" అంది. "ఒక్క రాత్రి వదిలితే సాలు, మా వంతు పారుతది. మీకు మెట్టొక్కటి దిగుతది, గంతే."

మండలి అత్యవసరంగా సమావేశమైంది. అఖిలేష్ గాలం కింద పెట్టి లేచాడు. "అమ్మా, మేం గూడ రైతుబిడ్డలమే. రైతు కంట నీరు మేం చూడలేం. రైతు లేనిది పట్నం లేదు, ప్లాట్లు లేవు. మీ సమస్యకు శాశ్వత పరిష్కారం దొరికేదాకా మా మద్దతు ఉంటది" అన్నాడు. చెరుకు రోజులు తలచుకుని బాపురావు కళ్లు తుడుచుకున్నాడు. నీళ్ల కష్టం తనకన్నా ఎవరికి తెలుసునని అడిగి, అందుకే ఇలాంటివి ఆవేశంతో కాక పద్ధతి ప్రకారం జరగాలన్నాడు. విజయ్ పాల్ వాన కోసం ప్రార్థిస్తానన్నాడు. సోమవారం తాము గదులు ఖాళీ చేసిన తక్షణమే తూము తెరవాలని ముగ్గురూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు.

"సోమారం దాంక ఆగదు సారూ. మడి నెర్రెలు వారింది" అంది సుకన్య. తర్వాత దేవిదాస్ వైపు తిరిగింది. "ఈ టోపీ సారు ఏమంటడో అడుగుండ్రి. సదువుకున్న సారు లెక్క కనవడుతున్నడు."

అందరూ అతన్ని చూశారు. అనవలసింది ఒక్క ముక్క. ఊ అన్నా చాలు. దేవిదాస్ గొంతు సవరించుకున్నాడు. సమస్యను అన్ని కోణాల నుంచీ పరిశీలించవలసి ఉందన్నాడు. నీటి కేటాయింపులో ఉత్పాదక రంగానికీ సేవా రంగానికీ మధ్య సమతుల్యం అవసరమన్నాడు. వ్యక్తిగతంగా తనకు సానుభూతి ఉన్నప్పటికీ కార్యదర్శి హోదాలో సంఘం నిర్ణయానికి కట్టుబడి ఉండక తప్పదన్నాడు. అఖిలేష్ చప్పట్లు కొట్టాడు.

సుకన్య తల ఊపింది. అర్థమైనవాళ్లు ఊపినట్టే ఊపింది. వసారా దాటబోతూ ఆగి నర్సన్నతో అంది: "గా టోపీ సారును కొసకు నిలవడద్దని చెప్పే అన్నా. ఆయనకు ఈత రాదు."

వాళ్లు వెళ్లిపోయాక అఖిలేష్ అడిగాడు. "నీకు ఈత రాదని ఆమెకెట్ల ఎర్కరా?"

"నిలబడ్డ తీరు చూస్తే తెలుస్తది" అన్నాడు దేవిదాస్.

"పల్లెటూరోళ్ల ప్రేమే వేరురా!" అని బాపురావు మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం చేపల పులుసు అద్భుతంగా కుదిరింది. తొట్టి వాడవలసిన అవసరం రాలేదు. మూడో మెట్టు మీద నీళ్లు ఇచ్చిన మాటకు కట్టుబడి ఉన్నాయి. సోమవారం గదులు ఖాళీ చేశారు. చక్రం పక్కన చివరి ఫొటో దిగాలని అతిథులు ముచ్చటపడటంతో దాన్ని దింపేసరికి కొంత పొద్దెక్కింది. అప్పటికే ఎకరన్నర వరి ఎవరి తీర్మానం కోసమూ ఆగకుండా తన నిర్ణయం తాను తీసేసుకుంది.

సుకన్య ఇప్పటికీ తప్పకుండా ఫోన్ చేస్తుంది. కోపం లేదు, దెప్పడం లేదు. పొలం గురించి ఒక్క ముక్క ఎత్తదు. "తిన్నరా సారూ?" అంటుంది. మొదట ఎకసక్కెం అనుకుని దేవిదాస్ నవ్వాడు. నెల దాటింది. తమ్మీ అన్న మాట ఆ ఫోన్లో మళ్లీ వినబడలేదు.

మండలి తరఫున లాడ్జికి సమీక్ష రాసింది కార్యదర్శే. నీటిమట్టం వాగ్దానం చేసినట్టే ఉందనీ, సిబ్బంది వినయశీలురనీ, స్థానిక ప్రజలు సైతం అతిథుల భద్రత పట్ల శ్రద్ధ చూపుతారనీ రాశాడు. అధ్యక్షులవారి సూచనపై ఒక లోపం చేర్చాడు: కట్ట అవతలి ఎండిన పొలాల వల్ల ఉదయం వేళ ఫొటోలు దెబ్బతింటున్నాయి. ఐదుకు నాలుగున్నర.

యాజమాన్యం ఆ అర చుక్కను తేలిగ్గా తీసుకోలేదు. మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు, కట్ట పొడవునా వెదురు దడి కట్టిస్తున్నాం అని జవాబిచ్చింది. ఇచ్చినట్టే కట్టించింది.

ఈ సమీక్ష మీకు ఉపయోగపడిందా అని దాని కింద ఒక ప్రశ్న ఉంటుంది. అవునని నొక్కినవాళ్లు అప్పుడే చాలామంది అయ్యారు. వేసవి సెలవులకు గదులు వేగంగా నిండుతున్నాయని వినికిడి. వెళ్లదలచినవారు త్వరపడండి. పోయేముందు మీ అక్కాచెల్లెళ్ల పొలం ఏ చెరువు కింద ఉందో కనుక్కోవలసిన పని కూడా ఇప్పుడు లేదు. దడి చాలా ఎత్తుగా కట్టారు.