పచ్చ కెబాయ ఆవిడకి ఓ పాట

"ఆ పెట్టె మన కొంప ముంచుతుంది, రాసిపెట్టుకో," అంది సుకినెం, ఇంకా ఏమీ జరగకముందే. కొబ్బరిపాల అన్నం దించి, అరటాకులు తుడిచి, ఆరున్నరకల్లా అరుగు మీద అమ్మకం మొదలుపెట్టాలని ఆవేళ ఆమె ఆలోచన. చెవి మాత్రం మొగుడి గది తలుపు దగ్గరే ఉంది.

"నాన్న రేడియో వింటున్నాడమ్మా, అంతే," అంది కూతురు వెనింగ్ జడ వేసుకుంటూ.

"రేడియోకి మీటలుంటాయి గానీ నల్ల తెర మీద తెల్ల అక్షరాలుంటాయా? సినిమాల్లో బ్యాంకులు దోచేవాళ్ళ దగ్గర చూశా అలాంటివి. పైగా తెరవగానే ఆ పెంగ్విన్ పిట్ట! మన సోలో ఊళ్ళో దానికేం పని?"

"అది లినక్స్ బొమ్మమ్మా. నా పాత ల్యాప్‌టాప్ బరువైనవేవీ మొయ్యలేకపోతోందని లినక్స్ ఎక్కించా. ఒక్క లైను టైపు చేస్తే రేడియో పలుకుతుంది. అయినా నాన్న రేడియోని పాత సామాన్ల బండి ఎక్కించిందెవరు?"

సుకినెం గబగబా అన్నం కలపడంలో మునిగిపోయింది. ఎక్కించింది ఆమే. ఆ రోజు అలిగిన మొగుడు పర్జోనో తొమ్మిది రోజులుగా నోరు విప్పలేదు. కాఫీ ఇస్తే తాగుతాడు, కంచం పెడితే తింటాడు, అంతే. పై వీధిలో ఒకాయన ఇలాగే మూడు నెలలు మాట్లాడక, చివరికి సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. సుకినెంకి రాత్రీపగలూ ఆ సంచే కళ్ళముందు కనిపిస్తోంది.

కూతురు పనికి వెళ్ళగానే, గరిటె చేతిలో ఉండగానే, తలుపుకి చెవి ఆనించింది. లోపల టకటకా టైపు చేసిన చప్పుడు. కాసేపటికి తేనెలో ముంచి తీసినట్టు ఓ ఆడగొంతు.

"రైలుపట్టా గారు పచ్చ కెబాయ ఆవిడకి పలకరింపు పంపుతున్నారు. స్టేషన్లో మీరు నవ్విన నవ్వు ఇంకా మరిచిపోలేదట. ఇదిగో, మీ కోసం పాట!"

రేడియోకి పలకరింపులు రాసేవాళ్ళు సొంత పేరు పెట్టకపోవడం అక్కడి మర్యాద. కానీ ముప్పై ఏళ్ళు రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు గాక ఈ రైలుపట్టా ఇంకెవడు? పచ్చ కెబాయ రవిక కూడా వీధి మొత్తానికి ఒక్కరికే ఉంది. ఎదురింట్లో కుట్టుపని చేసుకునే లస్త్రికి. మొగుడు పోయిన మనిషి, పైగా నడుము సన్నం.

సుకినెం గోడకున్న తీగ పీకేసింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి పాట సగంలోనే నోరు మూసుకుంది. పర్జోనో బయటికొచ్చి తీగ వంక చూశాడు, భార్య వంక చూశాడు, తీగ మళ్ళీ గుచ్చి లోపలికెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు గనకే ఊరుకున్నాడని ఆమె తీర్మానించింది.

"ఎవరితోనూ అనకు వదినా," అని ఆ సంగతి వీధి పెద్ద సుగెంగ్ భార్యకి మాత్రం చెప్పింది. సాయంత్రానికి లస్త్రి దగ్గర కుట్టడానికిచ్చిన గుడ్డలు ముగ్గురు వెనక్కి తీసుకుపోయారు.

ఆదివారం వీధి అంతా కలిసి కాలువలు శుభ్రం చేసే రోజు. పర్జోనో తెల్లారే ఏదో టైపు చేసి, చీపురు పట్టుకుని బయటికొచ్చాడు. ఆ వెంటే లస్త్రి వచ్చింది, పెళ్ళికి వెళ్ళడానికి ముస్తాబై, సరిగ్గా ఆ పచ్చ కెబాయలోనే.

"ఏంటక్కా, నా గురించి వీధంతా వాగుతున్నావట?"

"నేనా? ఆ రేడియోనే వాగుతోంది!"

"అయితే పలకరింపుల వేళైంది, రేడియోనే అడుగుదాం," అన్నాడు సుగెంగ్. ల్యాప్‌టాప్ అరుగు మీదికొచ్చింది. దాని గొంతు పీలగా ఉందని ఎవరో అంటే, వెనింగ్ దానికి వీధి మీటింగుల స్పీకరు తగిలించింది. చీపుర్లన్నీ ఆగాయి.

"రైలుపట్టా గారు ఈరోజు పెద్ద ఉత్తరమే రాశారండీ!" వీధి చివరి దాకా మోగింది ఆడగొంతు. "'పచ్చ కెబాయ వేసుకుని స్టేషన్లో అన్నం అమ్మేదానివి. నా పొట్లంలో రెండు గుడ్లు పెట్టి, ఒకటి పొరపాటున పడిందన్నావు. దానికి ముప్పై ఒక్క ఏళ్ళు. పాత రేడియో పోతే పోనీ. అలిగినవాణ్ణి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇక్కడ రాస్తున్నా.'"

లస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నేను పలక పట్టుకుని తిరుగుతున్నా. ఈ కెబాయ బిగుతైపోయిందని నాకిచ్చింది నువ్వే కదక్కా!"

"మొగుడి సామాను బండికి, సొంత సామాను ఎదురింటికి," గొణిగింది సుగెంగ్ భార్య.

సుకినెం ముఖం ఎర్రబడింది. కళ్ళు తుడుచుకుంది. "గుడ్డలు వెనక్కి తీసుకున్న ఇళ్ళన్నిటికీ నేనే వెళ్ళి చెబుతా లస్త్రీ, క్షమించు. ఒక్క పూట ఆ కెబాయ నాకివ్వవే." మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, వేసుకుని చూపించనా?"

పర్జోనో చీపురు వంక చూశాడు. పాట మొదలైంది, అయిపోయింది కూడా. వెనింగ్ మెల్లగా స్పీకరు కట్టేసింది. పన్నెండు రోజుల తర్వాత అతను గొంతు సవరించుకున్నాడు.

"పట్టదు," అన్నాడు.