మాయమైన బాదం పిందెల కేసు

"ప్రపంచంలో నేరాలు రెండే రకాలు మావయ్యా! నేను ఛేదించినవి, ఇంకా నా దాకా రానివి!"

ఇలా ప్రకటించి మేనల్లుడు భూతద్దం ఎత్తి మావయ్య ముక్కును పరిశీలించాడు. ఆ అద్దం అతని చెయ్యి వదలదు కనుక ఇంటిల్లిపాదీ అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. ఇప్పటిదాకా ఛేదించింది ఒకే కేసు. పోయిన కళ్లజోడు అతని నెత్తిమీదే దొరికింది.

మావయ్యకు నవ్వు రాలేదు. ఎండకు చెట్లు మాడిపోతున్నాయని నిరుడు పూతకు ముందు సగం బాదంతోట మీద షేడ్‌నెట్ వేయించాడు. వల కింద చెట్లు నవనవలాడాయి, విరగబూశాయి, కాయలు మాత్రం కాయలేదు. ఎండలో ఉన్న సగం ఎప్పటిలా కాసింది. ఈ ఏడూ పూత బ్రహ్మాండంగా ఉంది కానీ అత్తకు నమ్మకం పోయింది.

"పూలు చూసి మురవడానికి కుండీ చాలు, తోటెందుకు? మధ్యాహ్నం రంపమతను వస్తున్నాడు. వల కింద చెట్లన్నీ కొట్టించేస్తా," అంది.

"నా చేత్తో నాటిన చెట్లే అవి!" అన్నాడు మావయ్య.

"ఆగండి! ఇది చెట్ల తప్పు కాదు. పిందెలెత్తుకుపోయే ముఠా పని," అన్నాడు భూతద్దం.

"పిందెలు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటార్రా?"

"అదే కదత్తా ఈ కేసులో భయంకర రహస్యం! నేరస్థుడు ఎప్పుడూ నేరం చేసిన చోటికే తిరిగొస్తాడు. పద మావయ్యా!"

వల లోపల అడుగుపెట్టగానే భూతద్దం ఛాతీ విరిచాడు. "నిరుడు ఈ వలని నాలుగువైపులా నేలదాకా దించి కుట్టింది ఎవరనుకున్నావ్? నేనే! ఈగ కూడా దూరలేదు. అయినా దూరాడంటే వాడు మామూలోడు కాదు."

మూలన వల చిరిగి ఉంది. నిరుడెప్పుడో ఏ పిల్లి గోళ్లో తగిలినట్టుంది.

"ఈ పక్కనున్న చెట్టొక్కటీ నిరుడు బాగా కాసిందిరా," అన్నాడు మావయ్య.

"చూశావా! దొంగ వచ్చే దారి ఇదే. తన గుమ్మం ముందు చెట్టు ఏ దొంగా ముట్టుకోడు. వృత్తి ధర్మం!" అంటూ జేబులోంచి సూదీ దారం తీసి ఆ చిరుగు కూడా కుట్టేశాడు.

మావయ్య బుర్ర గోక్కున్నాడు. ఏదో తట్టబోయింది. ఈలోగా భూతద్దం "ష్!" అన్నాడు.

"విన్నావా? గుసగుసలు! ముఠా బయటే ఉంది."

"అవి తేనెటీగలురా."

"మారువేషం!" అని చెట్టుకి ఆనించి ఉన్న నిచ్చెనెక్కాడు, వల్లోంచి బయటికి తొంగిచూడ్డానికి. నిచ్చెన జారింది. వల పట్టుకున్నాడు. ఓ పక్క వలంతా పర్రున చిరిగి, చాప చుట్టినట్టు అతన్ని చుట్టుకుని కింద పడింది.

బయటున్న తేనెటీగలు ఆ దారిన గుంపుగా లోపలికొచ్చాయి.

"దాడి! మావయ్యా, చుట్టుముట్టారు!"

అతన్ని ఒక్క ఈగా పట్టించుకోలేదు. అన్నీ తిన్నగా పూల మీదికి పోయాయి. మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఏడాదంతా ఎరువు మార్చాడు, నీళ్లు మార్చాడు, మట్టి పరీక్ష చేయించాడు. ఈగ వాలందే బాదం పిందె కట్టదన్న చిన్న సంగతి తట్టనే లేదు. నీడ తప్పు కాదు, చెట్టు తప్పు కాదు. పూత రోజుల్లో ఈగలకు తలుపులు మూయడమే తప్పు. ఆనందంతో అత్తను కేకేసి పిలిచి ఆ సంగతి చెప్పాడు.

రంపమతను రానే వచ్చాడు. "ఏది కొయ్యమంటారమ్మా?"

అత్త పూల మీది ఈగల్ని చూసింది, కింద గిలగిల్లాడుతున్న మూటనీ చూసింది. "చెట్ల జోలికెళ్లకు నాయనా. ముందు ఆ వల కోసి వీణ్ణి బయటికి లాగు."

తల ఒక్కటీ బయటికి రాగానే భూతద్దం గర్జించాడు. "కేసు ముగిసింది! నేను చెప్పలేదూ, నేరస్థుడు నేరం చేసిన చోటికే తిరిగొస్తాడని?"

అత్త వల్లోకి చెయ్యి దూర్చి అతని జేబులోంచి సూదీ దారం లాక్కుంది.

"వచ్చాడు. వల్లో కూడా పడ్డాడు."