బుల్లిదొర చల్లగా ఉన్నాడు

మానవజాతి సాధించిన ఘనవిజయాలు మూడున్నర. నిప్పు రాజెయ్యడం, చక్రం దొర్లించడం, గాలిలో ఎగరడం పూర్తి విజయాలు. మందును మంచుపెట్టెలో పెట్టి, సముద్రాల మీదుగా విమానంలో చల్లగా తెచ్చి, తీరా దిగాక ఎండలో ఆరబెట్టడం మిగిలిన సగం. ఆ సగాన్ని కళ్ళారా చూసే భాగ్యం నాకీమధ్యే కలిగింది.

కలిగించింది మా మేనత్త. ఆవిడ దర్జీ. మా పేటలో సగం మంది బడిపిల్లలు ఆవిడ కుట్టిన బట్టల్లోనే అల్లరి చేసి, ఆవిడ దగ్గరే మాసికలు వేయించుకుని పెద్దవాళ్ళయ్యారు. కొంతకాలంగా ఆవిడకు కీళ్ళజబ్బు. వేళ్ళు కొంకర్లు పోయి కత్తెర పట్టనివ్వవు. విదేశం నుంచి వచ్చే ఒక ఇంజెక్షన్ పడితే వేళ్ళు విచ్చుకుంటాయి, కుట్టుమిషను కదులుతుంది, ఇంటిల్లిపాదికీ మళ్ళీ తిట్లు మొదలవుతాయి. పడకపోతే ఆవిడ మంచంమీద కూర్చుని గోడకేసి చూస్తుంది. ఎవర్నీ తిట్టదు. మాకు భయం వేసేది అప్పుడే.

ఆ మందు తయారైన చోటునుంచి అత్త చేతిదాకా ఫ్రిజ్‌లో పాలంత చల్లగా ఉండాలి. వేడెక్కితే అందులోని శక్తి చచ్చిపోతుంది, సీసా మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. (ఈ లక్షణం మందులకే పరిమితమని నేననను.) అందుకని ప్రతి పెట్టెతోపాటూ ఒక చిన్న యంత్రాన్ని పంపుతారు. దారిలో ఎక్కడ ఎంత వేడి తగిలిందో అది గుర్తుపెట్టుకుంటుంది. విమానాశ్రయంలో సరుకుల విభాగం వాళ్ళు దాన్ని బుల్లిదొర అంటారు. బుల్లిదొర చెప్పిందే మాట, ఇంకెవరి మాటా చెల్లదు.

మందు దిగిందని కబురొస్తే వెళ్ళాను. రేకుల షెడ్డు బయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో, మా అత్త పేరున్న పెట్టె ఒంటరిగా కూర్చుని ఉంది. "చల్లగా ఉంచవలెను" అని నాలుగువైపులా ఎర్రటి అక్షరాలు. చెయ్యి వేసి చూశాను. చుర్రుమంది.

లోపలికి పరిగెత్తాను. శీతలగది పర్యవేక్షణాధికారి గారు స్వెటర్ తొడుక్కుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, వేడి టీ ఊదుకుంటున్నారు.

"అయ్యా, మందు ఎండలో ఉందండీ!"

"పెట్టె ఎండలో ఉంది," అని ఆయన ఓపిగ్గా సరిదిద్దారు. "బుల్లిదొర లోపలే ఉన్నాడు. రండి, చూద్దురుగాని."

శీతలగది చూపించారు. బడి హాలంత గది. పూర్తిగా ఖాళీ. నట్టనడుమ ఒక బల్ల, బల్లమీద మెత్తటి గుడ్డ, గుడ్డమీద బుల్లిదొర. హాయిగా, చల్లగా, కొత్త అల్లుడిలా ఉన్నాడు.

"దీన్ని పెట్టెలోంచి ఎందుకు తీశారండీ?"

"అయ్యో, మీకు చరిత్ర తెలియదు," అని అధికారి గారు నిట్టూర్చారు. పూర్వం యంత్రమూ పెట్టే కలిసే ఎండలో ఉండేవట. యంత్రం ఊరుకోకుండా వేడి వేడి అని నమోదు చేసేదట. మందుల కంపెనీల నుంచి ఒకటే ఫిర్యాదులు. అప్పుడు ఉష్ణోగ్రతా గౌరవ పరిరక్షణ ఉపసంఘం కూర్చుని, ఈ గొడవంతా యంత్రానికి ఎండ తగలడం వల్లే వస్తోందని కనిపెట్టిందట. (ఉపసంఘంలో డాక్టర్లు లేరు. వాళ్ళుంటే విషయం పక్కదారి పడుతుందని భయపడ్డారట.) అప్పట్నుంచి విమానం ఆగగానే ముందుగా బుల్లిదొరను దించి, గొడుగుపట్టి ఈ గదికి తీసుకొస్తున్నారు.

"ఆ తరవాత ఒక్క ఫిర్యాదు రాలేదండీ," అన్నారాయన. గొంతులో నిజమైన గర్వం ఉంది, అదే నాకు మరీ మంటెత్తించింది.

"ఇంత గది ఖాళీగానే ఉందిగా! పెట్టెల్ని కూడా లోపల పెట్టొచ్చుగా?"

వంటింట్లో గేదెను కట్టెయ్యమన్నట్టు చూశారు నన్ను. "ఊరికే తలుపులు తీసి సరుకు పెడుతుంటే గది వేడెక్కదూ? చలి చెదరని గదిగా మాకు వరసగా బహుమతులొస్తున్నాయి. నోటికాడికి వచ్చిన ముద్ద తోసేసుకోమంటారా?"

అంతలో అత్త ఫోను.

"ఒరేయ్, వచ్చిందిట్రా?"

"వచ్చిందత్తా."

"చల్లగా ఉందా?"

"బుల్లిదొర చల్లగా ఉన్నాడు."

"ఎవడ్రా వాడు? ఏంటా వాగుడు? ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?"

"నాక్కాదత్తా, మందుకి."

"సరే, తీసుకొచ్చెయ్. వేళ్ళు పట్టేస్తున్నాయిరా," అంది.

సాయంత్రానికి పెట్టె ఇచ్చారు. బుల్లిదొరను మర్యాదగా మళ్ళీ లోపల కూర్చోబెట్టి, ఆయన తాలూకు రిపోర్టు అచ్చువేసి చేతిలో పెట్టారు. చల్లదనం గీత ఆ చివరనుంచి ఈ చివరకు తిన్నగా ఉంది. మా అత్త సుద్దముక్కతో, స్కేలు పెట్టి కూడా అంత తిన్నటి గీత గియ్యలేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ పెట్టె ముట్టుకుని, "ఇదేంటి, ఇంకా గోరువెచ్చగా ఉంది?" అంది. డాక్టరు గారు పెట్టెకేసి చూడలేదు, రిపోర్టు చూశారు. "ఇంత చక్కటి రవాణా నా సర్వీసులో చూళ్ళేదు," అన్నారు. జరిగిందంతా చెప్పాను. "మరి గీతలో ఆ వేడి కనబడాలిగా?" అన్నారు. ఇంకో సీసా తెప్పించాలంటే, ఇది పాడైందని బుల్లిదొర ఒప్పుకోవాలట.

పక్కనే బల్లమీద కూర్చున్న అత్త మా ఇద్దరి వాదన కాసేపు విని విసుక్కుంది. "గుడ్డికన్నా మెల్ల నయం. వెయ్యండి బాబూ, చూద్దాం," అని చెయ్యి చాపింది.

వేశారు. ఎదురుచూశాం. వేళ్ళు విచ్చుకోలేదు. ఒకనాడు ఆవిడ మిషను దగ్గర కూర్చుని కత్తెర అందుకోబోయింది. అది ఠంగుమని కిందపడింది. నేను తీసి ఇవ్వబోతే, "పోన్లేరా," అంది. మా అత్త నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

ఆ మంటమీదే సరుకుల విభాగానికి ఫిర్యాదు పట్టుకెళ్ళాను. అధికారి గారు మఫ్లర్ సర్దుకుని శ్రద్ధగా చదివారు. ఫిర్యాదు తీసుకోవడానికి అభ్యంతరమేమీ లేదన్నారు. మందు తనకు అందినట్టు రోగి స్వయంగా సంతకం చేసిన రసీదు ఒక్కటి జతపరిస్తే చాలన్నారు.

"ఆవిడ పెన్ను పట్టుకోలేదండీ."

"వేలిముద్ర?"

"వేలు చాపలేదండీ. మందు పనిచెయ్యలేదనేగా నేనొచ్చింది!"

అధికారి గారు నిజంగానే నొచ్చుకున్నారు. నా భుజమ్మీద చెయ్యి వేసి, కాగితాన్ని నా జేబులో తిరిగి పెట్టారు.

"రసీదు లేదంటే మందు మీకింకా అందనట్టేనండీ," అన్నారు మెల్లగా. "అందని మందు పనిచెయ్యలేదంటే ఎలా చెప్పండి?"