కాగితపు పిచ్చుకకు స్వాతంత్ర్యం

లియావ్ బో-కాయ్ లాంటి త్యాగమూర్తిని తైనాన్ నగరం మళ్లీ చూడబోదు. ఈ మాట చియెన్ వెన్-హువో పళ్లు కొరుకుతూ అంటాడు గానీ, అనడం మాత్రం అంటాడు.

ఆ మంగళవారం పొద్దున లియావ్ గారు ప్రపంచానికి ఒక ప్రకటన విడుదల చేశారు.

"నేటి నుంచి మన 'కాగితపు పిచ్చుక' ప్రోగ్రాము కంపెనీల గుప్పిట్లో ఉన్న ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదా వాలదు. పంజరంలో పిచ్చుకకు గింజలు వేయడం మా పని కాదు. ఇది సిద్ధాంతం."

కాగితం మీద ఏ గీత వెంట కోయాలో కట్టర్ మిషన్‌కు చెప్పడం ఆ పిచ్చుక పని. లియావ్ గారూ, నలుగురు మిత్రులూ జీతం నాతం లేకుండా రాసి జనానికి ఉచితంగా ఇచ్చారు. ఏడో తరగతిలో బడి మానేసిన వెన్-హువో పదకొండేళ్లుగా దాన్నే నమ్ముకుని గుళ్లకు కాగితపు తోరణాలు కోసిపెడుతున్నాడు. శనివారం మాజు అమ్మవారి ఊరేగింపు. మూడు వందల తోరణాలు అందించాలి. మంగళవారం కంప్యూటరు తెరవగానే పిచ్చుక తనంతట తానే కొత్త అవతారం ఎత్తి, "మీ సిస్టమ్‌కు స్వేచ్ఛ లేదు. విచారిస్తున్నాం" అని ఒక్క ముక్క చెప్పి కన్ను మూసింది.

పాత కాపీ కోసం వెతికితే, ప్రలోభం పనికిరాదని దాన్నీ వెబ్‌సైటు నుంచి తీసేశారు. ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాడు. నిమిషంలో జవాబొచ్చింది. "మాలో ఎవరికీ ఆ సిస్టమ్ లేదు కనక మీ సమస్య మాకు కనబడలేదు. కనబడని సమస్య లేనట్టే. ఫిర్యాదు మూసేశాం. మీ ఫొటోలో ఆ సిస్టమ్ బొమ్మ ఉన్నందున మసకబరిచాం." ఇంత నిష్ఠ ఈ రోజుల్లో ఎవరికుంది?

బుధవారం వెన్-హువో అనాసపండు కేకుల పెట్టె స్కూటరుకు తగిలించుకుని, టీ కొట్టు మేడమీద జరిగే వాళ్ల మీటింగుకు వెళ్లాడు.

"రండి చియెన్ అన్నా, రండి. టీ గుడ్డు తినండి," అన్నారు లియావ్ గారు. మూలన కరెంటు కుక్కరులో, టీ నీళ్లలో గుడ్లు కుతకుతమంటున్నాయి.

"గుడ్డు సంగతి తర్వాత, బాబూ. ముందు నా పాత పిచ్చుకని ఇప్పించు."

"మీరే మన స్వేచ్ఛా సిస్టమ్‌లోకి వచ్చేయండి. చిల్లిగవ్వ ఖర్చు లేదు."

"వస్తాను. నా కట్టర్‌ని దానితో నడిపే డ్రైవర్ ప్రోగ్రాము కంపెనీవాడు ఇవ్వలేదే?"

"అయితే కట్టర్ మార్చండి."

"కట్టర్ మార్చే స్తోమతుంటే ఉచిత పిచ్చుక ఎందుకు బాబూ నాకు?"

"మంచి ప్రశ్న. మినిట్స్‌లో రాయమ్మా," అన్నారు లియావ్ గారు, సెక్రటరీ గ్వో మింగ్-జు వైపు తిరిగి.

మింగ్-జు రాసుకుంది. "అన్నా, కోడ్ అంతా బయటే ఉందిగా. మీరే సరిచేసుకోవచ్చు. స్వేచ్ఛంటే అదే కదా."

"నాకు చేతకాదమ్మా."

"చేతకాకుండా ఉండే స్వేచ్ఛ కూడా మీకుంది, అన్నా."

ఓటింగు పెట్టారు. చియెన్ అన్నకు సానుభూతి ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ తర్వాత, "విచారిస్తున్నాం" అనే గడికి ఏ రంగు వేయాలనే అంశం మీద గంటన్నర చర్చ జరిగింది. నీలం అన్నవాళ్లు బూడిదరంగు అన్నవాళ్లతో మాట్లాడటం మానేశారు.

వెన్-హువో గుడ్డన్నా తిందామని మూలకు వెళ్లాడు. కుక్కరు వెనకాల ఒక పాత కంప్యూటరు ఉంది. దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం. మిషన్లు మాట వినాలని తైనాన్‌లో అందరూ పెట్టేదే. ఆకుపచ్చదే పెట్టాలి, గడువు దాటనివ్వకూడదు. ఈ పొట్లం గడువు దాటి రెండేళ్లయింది. కంప్యూటరు ఒంటి మీద తన దుకాణం స్టిక్కరు. ఎనిమిదేళ్ల కిందట తానే విరాళమిచ్చిన కంప్యూటరు.

"ఇది నాది కాదూ?"

"మీదే అన్నా," అంది మింగ్-జు. "మీ సిస్టమ్‌కి పిచ్చుకని తయారుచేసేది అదొక్కటే. సోమవారం నుంచి లేవడం లేదు."

"సిద్ధాంతం ఎప్పుడు పుట్టింది?"

"సోమవారం మధ్యాహ్నం," అని మినిట్స్ చూసి చెప్పింది.

"కుక్కరులో గుడ్లు ఉడకపెట్టిందెప్పుడో?"

"సోమవారం పొద్దున."

వెన్-హువో వంగి చూశాడు. కంప్యూటరు ప్లగ్గు నేల మీద ఉంది. కుక్కరు ప్లగ్గు గోడలో ఉంది. కుక్కరుది పీకి కంప్యూటరుది పెట్టాడు. కంప్యూటరు టింగుమని లేచింది.

లియావ్ గారు గొంతు సవరించుకున్నారు.

"చియెన్ అన్నా, ఆ ప్రకటనకి ఇప్పటికే రెండు వేల మంది చప్పట్లు కొట్టారు."

"సరే బాబూ. నా కంప్యూటరు నాకిచ్చేయండి, ఇంటికి పట్టుకుపోతాను."

"విరాళం వాపసుకి తీర్మానం కావాలన్నా. రంగు తేలాక పెడదాం. రంగు వచ్చే నెల మీటింగుకి వాయిదా పడింది."

లియావ్ గారు స్వహస్తాలతో కంప్యూటరు ప్లగ్గు పీకి కుక్కరుది పెట్టారు. "గుడ్లు చల్లారిపోతాయి," అన్నారు.

శనివారం అమ్మవారు వేరే కొట్టువాడి ప్లాస్టిక్ తోరణాల కింద ఊరేగింది. వెన్-హువో కోసే తోరణం ఒక్కోటి రెండు వందల ఎనభై అయిదు, అలాంటివి మూడు వందలు. గుడ్డు ఉచితం కనక దాన్ని వదిలేస్తే, చియెన్ వెన్-హువోకు పోయింది సరిగ్గా ఎనభై అయిదు వేల అయిదు వందల తైవాన్ డాలర్లు.