ఫ్రాన్స్‌లో సదాశివరావు గారి అనధికార ఐస్‌క్రీం

ప్రభుత్వ పని మీద విదేశానికి వెళ్లే అధికారికి కళ్లుండవు. ఉండకూడదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, నామఫలకాల డైరెక్టరేట్ వారి విదేశీ పర్యటనల నియమావళి సారాంశం. అందులో ఒక నిబంధన ఇలా ఉంటుంది: 'సమావేశ స్థలమునకు వెళ్లు దారిలో సుందర దృశ్యమేదైనా ఎదురైనచో, అధికారి దానిని గమనించక ముందుకు సాగవలెను. గమనించక తప్పనిచో, పై అధికారి అనుమతితో గమనించవలెను.' (పై అధికారి అప్పటికే ఆ దృశ్యం ముందు నిలబడి ఫొటో దిగుతుంటే ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు.)

నామఫలకాల డైరెక్టరేట్ అంటే తెలియనివారికి చెబుతున్నాను. ఏ ప్రభుత్వ కార్యాలయం ముందు ఏ బోర్డుండాలో, దాని మీద అక్షరాలు ఎంత లావుండాలో నిర్ణయించే సంస్థ అది. దాని సొంత బోర్డు పోయిన వానాకాలంలో పడిపోయింది, కొత్తదానికి టెండరు నడుస్తోంది. అందులో అండర్ సెక్రటరీ మా సదాశివరావు గారు. ఢిల్లీ ద్వారకలో మా పక్క ఫ్లాటు. రోజూ ఇద్దరం ఒకే మెట్రోలో ఆఫీసులకు వెళ్తాం కనుక ఆయన కష్టాలు చాలావరకు ఆయన భార్య ఛాయాదేవి గారికన్నా ముందు నాకే తెలుస్తాయి.

ఆయనకు ప్రస్తుతం జీవితంలో కావలసింది ఒక్కటే: విశాఖపట్నం బదిలీ. దీపావళి దాటి ఢిల్లీ పొగ మొదలైందంటే ఛాయాదేవి గారికి దగ్గు పట్టుకుంటుంది, హోలీ దాకా వదలదు. గోడకు ఇవతల మాకే నిద్ర పట్టదు, అవతల ఆవిడ సంగతి చెప్పేదేముంది. డాక్టరు మందులన్నీ రాసి రాసి విసుగెత్తి, చివరికి 'ఊరు మార్చండి' అన్నాడు. విశాఖలో డైరెక్టరేట్‌కు ఒకే ఒక్క పోస్టుంది, సముద్రానికి దగ్గర్లో. ఆ ఆర్డరు టైపయి డైరెక్టర్ ఖురానా గారి బల్ల మీదికి చేరింది. ఆయన పెన్ను మూత తీశారు కూడా. సరిగ్గా అప్పుడు జెనీవాలో జరిగే ప్రపంచ నామఫలకాల సదస్సుకు రమ్మని పిలుపొచ్చింది.

"పహలే జెనీవా, ఫిర్ విశాఖ, రావ్ సాబ్!" అని ఖురానా గారు పెన్ను మూత పెట్టేశారు. ముందు జెనీవా, ఆ తర్వాతే విశాఖ. ఖురానా గారు ప్రసంగించాలంటే ముందుగా ఎవరో ఒకరు ఆ ప్రసంగం రాయాలి కదా, అందుకని సదాశివరావు గారు కూడా వెళ్లాల్సి వచ్చింది.

"చూడండీ, అక్కడ ఏ గొడవలోనూ ఇరుక్కోకండి. వెళ్లామా, వచ్చామా, సంతకం పెట్టించుకున్నామా, అంతే!" అంటూ ఛాయాదేవి గారు సూట్‌కేసులో స్వెటర్లు కుక్కారు.

సదస్సులో మొదటి రోజంతా బోర్డు మీద బాణం గుర్తు లావుగా ఉండాలా సన్నగా ఉండాలా అన్న చర్చ జరిగింది. తెగలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఖాళీ. ఖాళీ సమయంలో అధికారి హోటల్ గదిలో కూర్చుని పత్రాలను అధ్యయనం చెయ్యాలని నియమం. ఖురానా గారు 'ద్వైపాక్షిక చర్చల'కు వెళ్లారు. (చర్చల ఫలితాలు సంచుల నిండా చాక్లెట్లుగా తిరిగొచ్చాయి.) సదాశివరావు గారు మాత్రం నియమం ప్రకారం మంచం మీద కూర్చుని గోడను అధ్యయనం చేస్తుండగా ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది.

"అంత దూరం వెళ్లి నాకు గోడ చూపిస్తారేంటండీ! ద్వారకలో గోడల్లేవా? ఒక్క మంచుకొండైనా చూపించండి."

"రూల్సు ఒప్పుకోవే."

"మీరు చూస్తే కొండ అరిగిపోతుందా? మన ఫ్లాట్ల సొసైటీ గ్రూపులో ప్రతివాళ్లూ సింగపూర్ అంటారు, దుబాయ్ అంటారు, ఫొటోలే ఫొటోలు. మనమేమో రోజూ గుడ్ మార్నింగులు పెట్టుకుంటున్నాం."

అంటూనే ఆవిడ దగ్గారు. ఆ దగ్గు విన్నాక ఆయనకు ఏ నిబంధనా గుర్తు రాలేదు. బూట్లు వేసుకుని బయల్దేరారు.

హోటల్ వాళ్లిచ్చిన ఉచిత పాసుతో చిన్న పడవెక్కి, సరస్సు అవతలి గట్టుకు పోయి, కొండను చూసి వచ్చెయ్యాలన్నది ఆయన పథకం. కానీ ఢిల్లీ ఆయనకు ఇన్నేళ్లలో ఒక విద్య నేర్పింది. క్యూ కనిపిస్తే ముందు నిలబడాలి, అది దేనికో తర్వాత కనుక్కోవాలి. ఈ విద్యతోనే ఆయన గ్యాస్ కనెక్షన్, కూతురి కాలేజీ సీటు, ఒకసారి మునిర్కాలో ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లి భోజనం సాధించారు. సరస్సు ఒడ్డున పొడవాటి క్యూ ఉంది. నిలబడ్డారు. ఎవరూ తొయ్యలేదు, మధ్యలో దూరలేదు, కొట్టుకోలేదు. అందువల్ల అది దేనికోసమో ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది. (మన దగ్గర క్యూ దేనికన్న వివరం తోపులాటలోనే బయటపడుతుంది.)

అది పెద్ద పడవ. టిక్కెట్లు చూసేవాడు ఈయన పాసును చూసి నవ్వి, డబ్బులు పుచ్చుకుని వేరే టిక్కెట్టు కోసి చేతిలో పెట్టాడు. పడవ వెళ్తూనే ఉంది. కొండ మేఘాల్లో ఉంది, కనబడలేదు. చివరికి ఒక చిన్న ఊళ్లో ఆగితే అందరూ దిగారు, అందరితోపాటు ఈయనా దిగారు. పాస్‌పోర్టు అడిగినవాడు లేడు. రాతి ఇళ్లు, కిటికీ కిటికీకీ పూలకుండీలు. దారిన పోయే ఒకావిడను బతిమాలి, పెద్ద బోర్డొకటి కనిపిస్తే దాని కింద నిలబడి ఫొటో తీయించుకున్నారు. దేశంలోని బోర్డులన్నీ చదివి తప్పులు దిద్దే మనిషి, ఆ బోర్డును మాత్రం తలెత్తి చదవలేదు. ఫొటో ఇంటికి పంపి, ఐస్‌క్రీం కొనుక్కుని, రేవు మెట్ల మీద కూర్చుని నింపాదిగా తిని, తిరుగు పడవలో వచ్చేశారు.

"నిజం చెప్పొద్దూ, ఉద్యోగంలో చేరాక అంత హాయిగా ఎప్పుడూ లేనండీ. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను ఫైలేదీ అని అడగలేదు," అన్నారు తర్వాత నాతో. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు కుళ్లు పుట్టింది.

ఇక్కడ ఛాయాదేవి గారు ఆ ఫొటోను 'మావారు స్విట్జర్లాండ్‌లో' అని సొసైటీ గ్రూపులో పెట్టేశారు. అభినందనలు వెల్లువెత్తాక గానీ వాళ్లమ్మాయి సాత్విక దాన్ని చూడలేదు. ఆ పిల్ల ఇంట్లో తెలుగు వింటుంది, హిందీలో బదులిస్తుంది.

"మమ్మీ, పీఛే తో ఫ్రాన్స్ కా ఝండా హై!"

"ఫ్రాన్స్ జెండా ఏంటే, స్విట్జర్లాండ్ అయితే!"

"బోర్డ్ తో పఢో, మమ్మీ. పాపా ఫ్రాన్స్ చలే గయే."

బోర్డు చదివితే నిజంగానే ఫ్రాన్స్. గ్రూపులోంచి ఫొటో తీసేశారు గానీ ఆలస్యమైంది. ఖురానా గారి పీఏ కూడా మా సొసైటీలోనే ఉంటాడు. అతను ఆ ఫొటో కింద దండం బొమ్మ పెట్టి, మరుక్షణమే దాన్ని జెనీవాకు పంపాడు.

మర్నాడు టిఫిన్ దగ్గర ఖురానా గారు ఫ్రాన్స్ ఎలా ఉందని ఎంతో ఆప్యాయంగా అడిగారు: "రావ్ సాబ్, ఫ్రాన్స్ కైసా లగా?"

సదాశివరావు గారి చేతిలో బ్రెడ్డు కిందపడింది. అనుమతి ఉన్నది స్విట్జర్లాండ్‌కు. అనుమతి లేని దేశంలో ఐస్‌క్రీం తినడం క్రమశిక్షణా రాహిత్యం, దానికి విచారణ ఉంటుంది. విచారణ నడుస్తుండగా బదిలీ ఉండదు. విచారణ మాత్రం పదవీ విరమణ దాకా ఆరోగ్యంగా నడుస్తుంది.

"సార్, పొరపాటున వెళ్లాను సార్! క్యూ ఉంది, నిలబడ్డాను."

"అరే, ఘబ్రాయియే మత్, కంగారెందుకు. పొరపాటని మాత్రం రాయకండి, పొరపాటుకి రూల్ లేదు. స్టడీకి ఉంది. 'జలరవాణా అధ్యయనం' అని ఒక రిపోర్టు రాసెయ్యండి. వెళ్లొచ్చాక పుచ్చుకునే అనుమతి నేనిప్పిస్తాను."

"మన డైరెక్టరేట్‌కీ పడవలకీ ఏంటి సార్ సంబంధం?"

"పడవకి పేరుంటుందా లేదా? పేరుంటే బోర్డుంటుంది. బోర్డుంటే అది మనది!"

సదాశివరావు గారు విశాఖను తలచుకుంటూ ఆ నివేదిక రాశారు. కొండ కనబడకపోవడం 'దృశ్యమానతలో సవాళ్లు' అయింది. ఐస్‌క్రీం 'ప్రయాణికులకు శీతల ఆహార సదుపాయం' అయింది. తెలియక నిలబడ్డ క్యూ 'ప్రజల స్వచ్ఛంద క్రమశిక్షణ' అయింది. అనుమతి వచ్చేసింది. ఛాయాదేవి గారి సంతోషం చూడాలి! చలికాలపు దూది రజాయిలు వాచ్‌మన్‌కిచ్చేశారు, గాలి శుభ్రం చేసే యంత్రం తెచ్చి మా హాల్లో పెట్టారు. "విశాఖలో ఇదెందుకండీ, కిటికీ తెరిస్తే చాలు," అన్నారు.

ఇంతలో ఎవరూ ఊహించని ఘోరం జరిగింది. పైన ఎవరో ఆ నివేదికను చదివారు. (డైరెక్టరేట్ పుట్టాక ఒక నివేదికను ఎవరైనా చదవడం అదే మొదలు.) చదివిన పెద్దమనిషికి ఒక ఆలోచన తట్టింది. ద్వారక నుంచి గురుగ్రామ్‌కు కార్లలో నలిగిపోయే ఉద్యోగులను నజఫ్‌గఢ్ నాలాలో పడవల మీద పంపితే ఎలా ఉంటుంది? నాలా అంటే మురుగు కాలువే, అయితేనేం, నీరు నీరే. వాసన సంగతి చూడటానికి ఉపసంఘం వేశారు. ఇక ఈ బృహత్తర పథకాన్ని నడపగల అనుభవజ్ఞుడెవరని వెతికితే, విదేశీ పడవను స్వయంగా ఎక్కి, సొంత ఖర్చుతో అధ్యయనం చేసిన అధికారి డైరెక్టరేట్‌లో ఒక్కరే తేలారు.

"ముబారక్ హో, రావ్ సాబ్! నోడల్ ఆఫీసర్!" అని పథకం బాధ్యత మొత్తం అప్పగించి ఖురానా గారు మిఠాయి తినిపించారు.

"సార్, మరి నా విశాఖ..."

"విశాఖ మే క్యా హై? పానీ హీ తో హై. పానీ యహాఁ భీ హై," అంటూ, అక్కడున్నవీ నీళ్లే, ఇక్కడున్నవీ నీళ్లే కనుక, బదిలీ ఆర్డరును ప్రజాప్రయోజనాల దృష్ట్యా చింపేశారు.

ఆ మర్నాడు ఛాయాదేవి గారు మా ఇంటికొచ్చి యంత్రం వైపు చూశారు. నేనేమీ అడక్కుండానే దాన్ని తీగ చుట్టి ఇచ్చాను.

"ఆయన్ని ఒక్క మాట అనలేను అన్నయ్యగారూ, కొండ చూపించమన్నది నేనే. ఏడుపొస్తోంది, మళ్లీ తలుచుకుంటే నవ్వొస్తోంది," అన్నారు. నిజంగానే నవ్వారు, నవ్వు దగ్గులోకి దిగింది.

సదాశివరావు గారిప్పుడు ప్రతి శనివారం లైఫ్ జాకెట్ వేసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని నాలా గట్టున నిలబడతారు. విశాఖ పోస్టును ఖాళీగా ఉంచకూడదు కనుక ఎడారిలోని జైసల్మేర్ నుంచి ఒకాయన్ని తెచ్చి వేశారు. ఆయన ఈ జన్మలో పడవెక్కలేదట, అంతకుముందు సముద్రాన్నీ చూడలేదట. ఏ అనుభవమూ లేని మనిషి కాబట్టి, ఆయన్ని అక్కడి నుంచి ఎవరూ కదపలేరు.