వెండెల్ మోకాలి మీద ఊరి తీర్మానం

మార్చి మొదటి మంగళవారం పొద్దున వెండెల్ తీబో వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి జిమ్‌లో జరిగే ఊరి సభకు వెళ్ళాలి. వెనక వరసలో కూర్చోవాలి. తొమ్మిదో తీర్మానం రాగానే "వద్దు" అనాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర యాపిల్ కేకు రెండు ముక్కలు తిని ఇంటికి రావాలి. అరవై రెండేళ్ళ మనిషి, ఏడు వారాలుగా ఎడమ కాలు నేల మీద మోపనివాడు, ఇంతకంటే ఏం కోరతాడు?

పైగా అది శుభదినం. స్కీయింగ్‌లో పడి మోకాలి కింద ఎముక పైభాగం చిట్లితే లోహపు పలక వేసి, ఆరు స్క్రూలు బిగించారు. ఇక ఆ కాలి మీద సగం బరువు వేయవచ్చని ఫిజియో అమ్మాయి ముందురోజే చెప్పింది. షరతు ఒకటి పెట్టింది: నలభై నిమిషాలకు మించి కూర్చోకూడదు, లేచి రెండు నిమిషాలు నిటారుగా నిలబడాలి. భార్య ఆర్లీన్ ఆ షరతును కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆ తలుపు మీద రాసినదాన్ని వెండెల్ ఎన్నడూ జవదాటలేదు.

"సభలో కూడా లేవాలా?" అన్నాడు దీనంగా.

"మోకాలిని ఇంట్లో వదిలేసి వస్తావా? తెస్తావుగా? అయితే లేవాలి."

తొమ్మిదో తీర్మానం మా కొండ గురించి. కొండ అంటే పెద్దదేం కాదు. ఒక పాత ట్రక్కు ఇంజను, దానికో మోకు. మోకు పట్టుకుంటే అది పైకి లాక్కుపోతుంది, స్కీల మీద జారి కిందికి రావడమే. వెండెల్ అక్కడే నేర్చుకున్నాడు, ముప్ఫై ఏళ్ళుగా ఊరి పిల్లలందరికీ అక్కడే నేర్పాడు. ఆ కొండను మూసేయాలని తీర్మానం. ఎందుకూ అంటే, వెండెల్ కాలు విరిగింది కాబట్టి!

తప్పు ఎవరిదని అడిగితే వెండెల్ తల దించుకుంటాడు. జనవరిలో ఆస్పత్రి మంచం దగ్గర ఆర్లీన్ "అయ్యో, ఎలా పడ్డావు?" అని అడిగింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది చెబితే ముప్ఫై ఏళ్ళ పరువు గంగలో కలుస్తుంది. "మోకు గుంజింది" అన్నాడు. ఆ రెండు ముక్కలే అన్నాడు పాపం.

ఆర్లీన్ ఆ రెండు ముక్కల్ని దుకాణంలో చెప్పింది. మా దుకాణం సంగతి తెలిసిందే, గోరంత వెళితే కొండంతై బయటికొస్తుంది. శనివారానికల్లా మోకు వెండెల్ కాలికి చుట్టుకుని నలభై అడుగులు ఈడ్చుకుపోయింది. ఫిబ్రవరి వచ్చేసరికి వెండెల్ ఆ మోకు కింద నుంచి ఇద్దరు పిల్లల్ని కాపాడాడు. ఆ ఇద్దరూ ఎవరో ఎవరికీ తెలియదు గానీ బడి పిల్లలంతా కలిసి ఆయనకు కృతజ్ఞతలు రాసి పంపారు. ఇంటింటి నుంచీ వండిన మాకరోనీ ట్రేలు వచ్చాయి. వీరుడు నోరు మూసుకుని తిన్నాడు.

అరగనిది మాత్రం ఒకటుంది. ఆ ఇంజను నడిపేది ఓరిన్ హాకెట్, వెండెల్ చిన్ననాటి స్నేహితుడు. ఆ సాయంత్రం అటు తిరిగి ఇంజను ఆపుతున్నాడు, ఇటు ఏం జరిగిందో చూడలేదు. తను ఆపడంలోనే మోకు గుంజుకుందని నమ్మాడు. అప్పటినుంచీ ప్రతి గురువారం వచ్చి వెండెల్ గుమ్మం ముందు మంచు ఎత్తిపోసి, మేపుల్ సిరప్ డబ్బా ఒకటి అరుగు మీద పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోతున్నాడు. కిటికీలోంచి అది చూసినప్పుడల్లా వెండెల్‌కి ప్రాణం చచ్చిపోయేది. ఈ రోజు కొండ నిలబడితే రేపే ఓరిన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. మూతపడితే ఇంక ఏ మొహంతో చెప్పడం?

జిమ్‌లో అడుగు పెట్టగానే పథకం తారుమారైంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. మిల్డ్రెడ్ కటింగ్ పరుగున వచ్చింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊళ్ళో ఎవరు తుమ్మినా దుప్పటి పట్టుకొచ్చే రకం. తొమ్మిదో తీర్మానం పెట్టింది కూడా ఆవిడే.

"వెనక వరసేమిటి వెండెల్, నీలాంటివాడు ముందుండాలి!" అంటూ మొదటి వరసలో కూర్చోబెట్టి, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకో కుర్చీ వేసింది. "ఈ ఊతకర్రలు ఎవరి కాళ్ళకైనా అడ్డం పడతాయి" అని వాటిని తీసుకెళ్ళి ఆ చివర గోడకు ఆనించింది. వెండెల్ వాటివంక చంటిపిల్లాడు పాలసీసా వంక చూసినట్టు చూశాడు.

మొదటి ఎనిమిది తీర్మానాలూ రోడ్లు, మంచు తవ్వే బండి, శ్మశానం కంచె. తొమ్మిదోది రాగానే మిల్డ్రెడ్ లేచింది.

"ఇది నా కోసం కాదు, వెండెల్ కోసం. ఆ రాక్షసి మోకు ఇంకొకరిని బలి తీసుకోకముందే మూసేద్దాం. అతని మొహం చూడండి, ఎంత బాధ పడుతున్నాడో!"

బాధ నిజమే, కారణం వేరు. వెండెల్ చెయ్యెత్తాడు. సభాధ్యక్షుడు హోలిస్ పెంబర్ "చెప్పండి" అన్నాడు. వెండెల్ గొంతు సవరించుకుని "ఆ మోకు విషయంలో... నిజానికి..." అని అటు చూసేసరికి ఓరిన్ టోపీ చేతిలో పెట్టుకుని గోడకు చేరగిలి కనిపించాడు. మాట గొంతులో ఇరుక్కుంది.

"మాట కూడా రావడం లేదు, పాపం!" అని మిల్డ్రెడ్ కళ్ళు తుడుచుకుంది. సగం హాలు కళ్ళు తుడుచుకుంది.

వెండెల్‌కు ఇంకా ఒక ఆశ ఉంది. ఓట్లు పడతాయిగా, ఇంతమందిలో కొండ కావాలనేవాళ్ళు లేకపోతారా? మొదట నోటితో ఓటు అడిగారు. "సరే", "వద్దు" రెండూ సమానంగా మోగాయి. "అయితే లేచి నిలబడండి, లెక్కపెడతాం" అన్నాడు హోలిస్. "మూసేయాలనేవాళ్ళు ముందు."

పక్క కుర్చీలో ఆర్లీన్ ఇవేవీ వినడం లేదు. స్వెటర్ అల్లుతూ కుట్లు లెక్కపెట్టుకుంటోంది. గడియారం చూసి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "నలభై నిమిషాలైంది. లే."

"ఇప్పుడా? ఆర్లీన్, ఇప్పుడు లేస్తే..."

"లే అంటున్నానా!"

ముప్ఫై ఆరేళ్ళ అలవాటు. లేచాడు. లేచాక గానీ నాలుక కరుచుకోలేదు. కూర్చోబోతే ఎడమ కాలు చాచి ఉంచడానికి మోకాలికి వేసిన పట్టీ బిగుసుకుపోయి వంగలేదు. పట్టుకుని దింపుకోవడానికి ఊతకర్రలు గోడ దగ్గరున్నాయి. కుర్చీ వీపు పట్టుకుని వెండెల్ జండా కర్రలా నిలబడిపోయాడు.

ఊరంతా ఆయన్నే చూసింది. దెబ్బ తిన్నవాడే మూసేయమంటుంటే మనమెవరం అనుకుంది. ఒకరి వెనక ఒకరు లేవడం మొదలుపెట్టారు. కొండ మీద పెళ్ళిచూపులు జరిగిన దంపతులు కూడా లేచారు. హోలిస్ లెక్కపెట్టాడు. లేచినవాళ్ళు తొంభై ఒకరు, కూర్చున్నవాళ్ళు నలభై.

"తీర్మానం నెగ్గింది. కొండ మూత" అని సుత్తి కొట్టాడు.

ఓరిన్ టోపీ పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు. "మళ్ళీ చర్చకు పెట్టండి! అన్యాయం ఇది!"

"ఓడిన పక్షం అడగడానికి వీల్లేదు" అన్నాడు హోలిస్, నిబంధనల పుస్తకం ఎత్తి చూపుతూ. "నెగ్గిన పక్షాన ఓటేసినవాళ్ళు అడిగితేనే తిరిగి చర్చ. వాళ్ళెందుకు అడుగుతారు?"

వెండెల్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఒళ్ళు ఝల్లుమంది. నెగ్గిన పక్షం! ఆర్లీన్ మోచేతి పుణ్యమా అని తాను నెగ్గిన పక్షం!

"నేను అడుగుతున్నాను!" అని అరిచాడు. "ఓరిన్, ఆగు! వెళ్ళకు!"

ఓరిన్ తలుపు దగ్గర ఆగాడు.

"కారణం?" అన్నాడు హోలిస్.

"నన్ను మోకు గుంజలేదు. నేను మోకు దగ్గర పడలేదు. అసలు కొండ మీదే పడలేదు." వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. "ఆ సాయంత్రం పైనుంచి బ్రహ్మాండంగా దిగాను. అంత బాగా ఇరవై ఏళ్ళలో దిగలేదు. కిందికొచ్చి, చదును నేల మీద, పూర్తిగా ఆగిపోయాక... వంగి దణ్ణం పెట్టాను. స్కీలు చెరో దిక్కూ పోయాయి."

హోలిస్ సుత్తి పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"దణ్ణమా? ఎవరికి?" అన్నాడు హోలిస్.

"ఎవరూ లేరు. కొండకే."

"మరి ఆ ఇద్దరు పిల్లలో?" అంది మిల్డ్రెడ్ నీరసంగా.

"ఏ పిల్లలమ్మా! సిగ్గేసి అబద్ధం ఆడాను. ఓరిన్, నీ తప్పు ఇసుమంత కూడా లేదు. నన్ను క్షమించరా."

ఓరిన్ తాపీగా ముందు వరసదాకా నడిచి వచ్చాడు. "ఏడు వారాలు నీ గుమ్మం ముందు మంచు ఎత్తిపోశాను."

"తెలుసు."

"నిద్ర పట్టక ఇంజను రెండుసార్లు విప్పి బిగించాను."

"అది తెలీదు" అన్నాడు వెండెల్.

"కొండకి దణ్ణం పెట్టావా?" అన్నాడు ఓరిన్. మూతి ఒక పక్క వణికింది. "ఒక్కడివీ, ఎవరూ చూడకుండా, వంగి?" అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఏడు వారాల దిగులంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. హాలు గొల్లుమంది. శ్మశానం కంచె కమిటీవాళ్ళు కూడా నవ్వారు, వాళ్ళను నవ్వగా చూడడం ఊరికి అదే మొదలు.

"తిరిగి చర్చకు బలపరిచేవాళ్ళు?" అన్నాడు హోలిస్ కళ్ళు తుడుచుకుంటూ.

"నేను" అంది ఆర్లీన్. "మిగతాది ఇంటికెళ్ళాక మాట్లాడతాను." అని మొగుడి కాళ్ళవైపు చూసి గొంతు తగ్గించింది. "ఇదిగో, నీ రెండు కాళ్ళ మీద నువ్వే నిలబడ్డావు. చూసుకున్నావా?"

చూసుకోలేదు. ఎడమ పాదం నేలకు ఆనింది, సగం బరువు దాని మీదే ఉంది, నొప్పి ఓర్చుకునేంతే. వెండెల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. వచ్చే చలికాలానికి మళ్ళీ పైకెక్కుతానని అప్పుడు నమ్మకం కుదిరింది. ఓరిన్ వచ్చి చంక కింద చెయ్యి వేశాడు.

రెండోసారి "మూసేయాలనేవాళ్ళు లేవండి" అన్నప్పుడు ఒక్క కుర్చీ కదల్లేదు. వెండెల్‌ని మాత్రం ముందే ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

మిల్డ్రెడ్ ఏదో తోచినట్టు లేచి, ఊరి క్షేమం కోరి కొత్త తీర్మానం ఒకటి పెట్టింది: కొండ దిగాక వచ్చే చదును చోట హెచ్చరిక బోర్డు పాతాలని. అది ఏకగ్రీవంగా నెగ్గింది. ముప్ఫై ఏళ్ళలో మా ఊరు ఒక్క మాట మీద నెగ్గించిన తీర్మానం అదొక్కటే: చదును నేల ప్రమాదకరం.