విషాదంలో నాలుగు వందల మాటలు

ఇంగ్లీషు విషాద నాటకాన్ని కథ కోసం చదివేవాళ్లంత అమాయకులు ఇంకొకరు లేరని నా నిశ్చితాభిప్రాయం! కథలో ఏముందండీ? పోయేవాళ్లు పోతారు, మిగిలినవాళ్లు ఏడుస్తారు. మాటలు అలా కాదు. ఒకసారి బట్టీ పట్టామా, చచ్చేదాకా మనవే.

మా అమ్మాయి బడిలో ఈ సత్యం ఎప్పుడో గ్రహించారు. పేజీకి పన్నెండు దాకా కఠినపదాల కింద టీచరమ్మ గీత గీయిస్తుంది. అర్థం, వ్యతిరేకపదం, సొంతవాక్యం. గీత లేని మాటల వంక కన్నెత్తి చూడకూడదు, టైం వేస్టు! అన్న తమ్ముణ్ణి పొడిచిన పేజీలో మాకు మూడు నామవాచకాలు, ఒక క్రియ దొరికాయి. విషం కలిపిన పేజీ అయితే బంగారు గనే! ఇరవై రోజుల్లో నాలుగు వందల మాటలు. ఒక్క కన్నీటిచుక్క ఖర్చయితే ఒట్టు.

లాభాలు ఒకటా రెండా? మొన్న గ్యాస్ సిలిండర్ ఆలస్యమైతే, మా అమ్మాయి ఏజెన్సీవాణ్ణి ఫోన్లో రాజద్రోహి అని ఇంగ్లీషులో తిట్టింది. ఆ మాట అర్థంకాక భయపడి, గంటలో సిలిండర్ పంపాడు.

చిక్కల్లా మా అమ్మతోనే. కాలు విరిగి నెలరోజులుగా మంచం మీద ఉంది. పక్కన మనవరాలు వల్లెవేసే తెలుగు అర్థాలు విని విని, వాటినే అతికించి అన్నదమ్ములూ, వాళ్ల చెల్లెలూ ఉన్న కథ అల్లేసుకుంది. ఇక ఒకటే పోరు.

"ఇంతకీ ఆ అన్నదమ్ముల చెల్లెలు బతికిందిటే?"

"ఆమె ఏమైందో చెప్పే మాటల కింద గీత లేదు నానమ్మా."

"గీత లేకపోతే పిల్ల లేకుండా పోతుందా? బడిలో అడుగు."

అడిగింది. "అది పరీక్షలో రాదు" అంది టీచరమ్మ. నాకూ సబబుగానే తోచింది. అమ్మ ఊరుకుంటుందా? చెల్లెలి సంగతి తేలేదాకా మందు మింగనని మొండికేసింది. గత్యంతరం లేక మా అమ్మాయి నిన్న చివరి పేజీలన్నీ, గీతలున్నవీ లేనివీ, చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

మధ్యలో గొంతు ఆగిపోయింది. డిక్షనరీ పట్టుకుని పరుగెత్తాను. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. మా అమ్మ దాని తల నిమురుతూ తనూ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏ మాట అర్థం కాలేదమ్మా?" అన్నాను.

"అన్నీ అర్థమయ్యాయి నాన్నా!"

చూశారా, కథ ఎంత ప్రమాదకరమో! బడికి ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను కూడా. కానీ కలం సాగలేదు. ఎందుకంటే ఇదే నాటకం నేనూ బళ్లో చదివాను, క్లాసులో ఫస్టొచ్చాను. ఆ నాలుగు వందల మాటలూ ఇప్పటికీ నిద్రలేపి అడిగినా చెబుతాను. ఆ చెల్లెలు చచ్చిపోయిందని మాత్రం, ముప్ఫై ఏళ్ల తర్వాత, ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ చెబితే తెలిసింది.